విద్వత్పత్రికలు: యాజమాన్య సమస్య

జ్ఞానం సమాజానికి ఉమ్మడి ఆస్తి అనే మాటను కాదనేవాడు ఈనాడు ఎక్కడా కనిపించడు. వైస్ ఛాన్సలర్లు ఆ మాట అంటారు, మంత్రులు అంటారు, చివరకు పరిశోధన పత్రికలను అమ్ముకొని కోట్లు గడించే ప్రచురణ సంస్థల అధిపతులు కూడా అదే అంటారు. పరస్పర విరుద్ధమైన ప్రయోజనాలున్న వాళ్లంతా ఒకే మాట పలుకుతున్నప్పుడు, ఎవరు దానికి ఏ అర్థం చెప్పుకుంటున్నారో విడదీసి చూడడం విమర్శ చేయవలసిన పని.

"ఓపెన్ యాక్సెస్" అనే మాటకు ఇప్పుడు అటువంటి పరీక్ష అవసరం. గత పాతికేళ్లుగా ప్రపంచంలోని పరిశోధన పత్రికలు చందా పద్ధతి నుంచి ఈ కొత్త పద్ధతికి మారుతున్నాయి. చందా కట్టినవాడే చదవాలనే కట్టడి పోయి, ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా చదవవచ్చునన్నది దీని సారాంశం. అభ్యుదయవాదులు దీన్ని స్వాగతించారు. నేనూ స్వాగతిస్తున్నాను. అయితే ఈ మార్పును గురించి మన మధ్య జరుగుతున్న చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: ఖర్చు చదువరి పెట్టుకోవాలా, రచయిత పెట్టుకోవాలా అని. నా అభిప్రాయంలో అది అసలు ప్రశ్న కాదు. పత్రిక ఎవరి సొత్తు అన్నది అసలు ప్రశ్న. దాన్ని పక్కన పెట్టినంత కాలం చందా పోయినా దోపిడీ పోదు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. శాస్త్రవేత్తల ఇబ్బందులు శాస్త్రవేత్తలే చూసుకుంటారు గదా అని వారి ఉద్దేశం. కాని మన ఉద్యోగాలూ, మన పదోన్నతులూ, మన విద్యార్థుల పరిశోధనలూ అన్నీ ఈ పత్రికల పేర్లకే ముడిపడి ఉన్నాయి. పైగా ఈ సమస్యను బట్టబయలు చేసిన గొప్ప ఉదాహరణ మనకు దగ్గరిదైన భాషాశాస్త్రంలోనే ఉంది.

ముందు ఈ వ్యాపారపు స్వరూపం చూద్దాం. 1665లో లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ "ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్" అనే పత్రికను సొంత ఖర్చుతో ప్రారంభించాడు. విద్వాంసులు తమలో తాము రాసుకొనే ఉత్తరాలను పదిమందికీ తెలియజేయడం దాని పని. రెండో ప్రపంచయుద్ధం తరువాత ప్రభుత్వాలు పరిశోధనకు విరివిగా డబ్బు పెట్టడం మొదలైంది. అందులో లాభం ఉందని పసిగట్టినవారిలో రాబర్ట్ మాక్స్‌వెల్ ముఖ్యుడు. అతని పెర్గమన్ ప్రెస్ 1951లో ఆ పేరుతో వెలిసింది. 1991లో ఎల్సెవియర్ సంస్థ దాన్ని 44 కోట్ల పౌండ్లకు కొన్నది. 2013 నాటికి ప్రపంచంలో వెలువడే పరిశోధన వ్యాసాల్లో సగానికి పైగా అయిదు సంస్థల చేతుల్లోకి వెళ్లాయని 2015లో కెనడా పరిశోధకులు లెక్క తేల్చారు. ఎల్సెవియర్ నడిచే విభాగానికి 2023లో వచ్చిన రాబడి దాదాపు 306 కోట్ల పౌండ్లు. అందులో నిర్వహణ లాభం నూటికి 38 వంతులు.

ఇంత లాభం ఎక్కడినుంచి వచ్చింది? వ్యాసం రాసేవాడికి ప్రచురణకర్త జీతమివ్వడు. ఆ జీతం విశ్వవిద్యాలయం ఇస్తుంది, అనగా చాలావరకు ప్రజలు ఇస్తారు. వ్యాసంలోని మంచిచెడ్డలు పరిశీలించే తోటి పండితుడు ఉచితంగా పనిచేస్తాడు. సంపాదకుడికి ముట్టేది, ముడితే, నామమాత్రం. ఇలా తయారైన వ్యాసాన్ని రాసినవాడి చేతనే హక్కులు రాయించుకొని, అతని గ్రంథాలయానికే తిరిగి అమ్ముతారు.

మామూలు సరుకు ధర పెరిగితే కొనేవాడు మరో దుకాణానికి పోతాడు. ఇక్కడ ఆ వీలు లేదు. ద్రావిడ భాషల క్రియారూపాల మీద పనిచేసే విద్యార్థికి కావలసింది ఆ ఒక్క వ్యాసమే. దానికి బదులు చవకగా దొరికే మరో వ్యాసం పనికిరాదు. కాబట్టి ప్రచురణకర్తకు వచ్చేది ఉత్పత్తి చేసినందుకు దక్కే లాభం కాదు, పట్టా చేతిలో ఉన్నందుకు వసూలయ్యే శిస్తు. భూస్వామ్యం గురించి చదివిన మన విద్యార్థులకు ఈ తేడా వివరించనక్కరలేదు.

ఈ పరిస్థితి మీద తిరుగుబాటుగానే ఓపెన్ యాక్సెస్ ఉద్యమం వచ్చింది. 1991లో అమెరికాలో పాల్ గిన్స్‌పార్గ్ భౌతికశాస్త్రవేత్తల వ్యాసాలు అచ్చుకు ముందే అందరికీ అందేట్లు కంప్యూటర్ భాండాగారమొకటి నెలకొల్పాడు. అది ఈనాడు ఆర్కైవ్ అనే పేరుతో నడుస్తున్నది. 2001 డిసెంబరులో బుడాపెస్టులో కొందరు సమావేశమై తయారుచేసిన ప్రకటన 2002 ఫిబ్రవరి 14న వెలువడింది. ఉద్యమానికి అదే మూలపత్రం.

సాహిత్య విద్యార్థిగా నేను ఆ ప్రకటనను మాట మాటా పట్టి చదివాను. అందులో నిజమైన ఆదర్శం ఉంది. ధనికుల చదువూ పేదల చదువూ ఒకరితో ఒకరు పంచుకోవాలన్న ఆకాంక్ష ఉంది. రెండు మార్గాలు చూపారు: రచయితలు తమ వ్యాసాలను భాండాగారాల్లో తామే ఉంచుకోవడం ఒకటి, చందా లేని కొత్త పత్రికలు పెట్టుకోవడం రెండోది. కొత్త పత్రికలకు డబ్బెక్కడిది అన్న చోట ఒక జాబితా ఇచ్చారు. పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, నిధులు, అభిమానులు, రద్దయిన చందాల మిగులు - ఇలా చెప్పుకొంటూ పోయి, అన్నిటికన్నా చివర, ఏమీ దొరక్కపోతే అన్న ధోరణిలో, పరిశోధకులు స్వయంగా ఇచ్చే సొమ్ము పేరెత్తారు. తరువాత జరిగిందేమిటి? జాబితాలో చిట్టచివర ఉన్నది వాణిజ్య సంస్థల చేతిలో మొట్టమొదటికి వచ్చింది. రచయిత చెల్లించే ప్రచురణ రుసుమే ఓపెన్ యాక్సెస్ అని లోకం అనుకొనేదాకా పోయింది.

ప్రకటన రాసినవారు దుర్మార్గులని నేననను. వారు చదువరి హక్కును గురించి రాశారు, ఉత్పత్తి సాధనం ఎవరి చేతిలో ఉండాలో రాయలేదు. ఆ ఖాళీలోకి పెట్టుబడి నడిచి వచ్చింది.

ఇక భాషాశాస్త్రపు ఉదాహరణకు వస్తాను. "లింగ్వా" 1949లో పుట్టిన పత్రిక, ఆ రంగంలో పేరెన్నిక గన్నది. ప్రచురణకర్త ఎల్సెవియర్. 2015లో దాని సంపాదకులు, లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహన్ రూరిక్ నాయకత్వాన, కొన్ని కోరికలు సంస్థ ముందుంచారు. పత్రికను పూర్తిగా ఓపెన్ యాక్సెస్ చెయ్యాలి. రచయిత రుసుము 400 యూరోలకు మించరాదు (అప్పటికి సంస్థ వసూలు చేస్తున్నది 1,800 డాలర్లు). పత్రిక పేరు మీది యాజమాన్యం సంపాదకుల సంఘానికి చెందాలి. సంస్థ అంగీకరించలేదు. ఆ రేటున పత్రిక నిలబడదని జవాబు చెప్పింది. 2015 అక్టోబరులో ఆరుగురు సంపాదకులూ, 31 మంది సంపాదకవర్గ సభ్యులూ, ఒక్కరు మిగలకుండా, రాజీనామా చేశారు. 2016 నుంచి "గ్లోసా" అనే కొత్త పత్రిక నడుపుతున్నారు.

ఆ కోరికల్లో మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. మొదటి రెండిటికీ బేరసారాలకు చోటుంది. ధర కొంత తగ్గించవచ్చు, కొన్ని వ్యాసాలు తెరిచి పెట్టవచ్చు. మూడోదానికి అటువంటి చోటు లేదు. సంపాదకులు వెళ్లిపోయారు, పరిశీలకులు వెళ్లిపోయారు, రచయితల్లో చాలామంది వారి వెంట వెళ్లారు. సంస్థ చేతిలో మిగిలిందేమిటి? ఒక పేరు. సంస్థ ఆ పేరుతోనే కొత్త సంపాదకులను పెట్టుకొని "లింగ్వా"ను నడుపుకొంటూ వచ్చింది. పత్రికను పత్రికగా నిలబెట్టిన శ్రమ ఒకవైపు, దాని పట్టా మరోవైపు ఎంత స్పష్టంగా విడిపోయి నిలబడతాయో ఈ ఒక్క సంఘటన చూపినట్టు మరేదీ చూపలేదు.

ఈ విజయాన్ని మనం ఉత్సాహంతో అతిగా చెప్పుకోకూడదు. "గ్లోసా" కేవలం ఆదర్శ బలం మీద నిలబడలేదు. మొదటి అయిదేళ్లకు నెదర్లాండ్స్ ప్రభుత్వ పరిశోధన నిధులూ, అక్కడి విశ్వవిద్యాలయాల సంఘమూ అండగా నిలిచాయి. ఆ తరువాత గ్రంథాలయాలు ఉమ్మడిగా ఖర్చు భరించే "ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్" ఆదుకొన్నది. అందువల్లనే రచయిత ఏమీ చెల్లించకుండా పత్రిక నడుస్తున్నది. పైగా రాజీనామా చేసినవారిలో అధికులు స్థిరమైన ఉద్యోగాల్లో ఉన్న ఆచార్యులు. అప్పుడే పరిశోధన పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కొనే యువకుడు పాత పేరును వదులుకొని కొత్త పత్రికకు వ్యాసం పంపాలంటే గుండె దిటవు కావాలి. అతన్ని పిరికివాడని నిందించి లాభం లేదు. అతని భయానికి భౌతికమైన ఆధారం ఉంది.

ఆ ఆధారం ఏమిటో మన దేశంలోనే చూడవచ్చు. 2018లో యూజీసీ చేసిన నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక ఉంది. ఇంపాక్ట్ ఫాక్టర్ లేని పత్రికలో వ్యాసం వస్తే అదనంగా 5 మార్కులు, ఇంపాక్ట్ ఫాక్టర్ 10 దాటిన పత్రికలో వస్తే అదనంగా 30. వ్యాసంలో ఏముందో పట్టికకు అక్కర లేదు, ఏ పేరు కింద వచ్చిందో దానికి కావాలి. అమెరికాలో పుట్టిన ఈ కొలబద్ద తెలుగు పత్రికకు అందనే అందదు. అనగా ప్రచురణకర్త చేతిలోని పేరుకు విలువ కట్టి ఇస్తున్నది మనమే, మన పదోన్నతుల పట్టికే. మన పట్టిక మారితే అతని పట్టా విలువ సగం పడిపోతుంది.

రచయిత చెల్లించే పద్ధతి ఎంతదాకా పోయిందో చూడండి. 2021 జనవరి నుంచి "నేచర్" పత్రికలో వ్యాసాన్ని ఓపెన్ యాక్సెస్ చేయడానికి నిర్ణయించిన రుసుము 9,500 యూరోలు. ఆనాటి మారకంలో అది ఎనిమిది లక్షల రూపాయలు దాటుతుంది. ఏడవ వేతన సంఘం లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మూలవేతనం నెలకు 57,700 రూపాయలు, సంవత్సరానికి ఏడు లక్షలకు కొంచెం తక్కువ. ఒక అధ్యాపకుడి ఏడాది మూలవేతనం చాలదు, ఒక్క వ్యాసం తెరిచిపెట్టడానికి! పేద దేశాలకు మినహాయింపులున్నాయని సంస్థలంటాయి. మినహాయింపు దయాధర్మం. అది హక్కు కాదు.

మన ఊళ్లలో వారపు సంతకు ఆశీలు పాటదారు ఉంటాడు. కొనేవాళ్లు గోల చేస్తున్నారని కొనేవాళ్ల దగ్గర వసూలు మాని, కూరగాయలు తెచ్చిన రైతు దగ్గర వసూలు మొదలుపెట్టి, సంతను స్వేచ్ఛా సంత చేశామని చాటింపు వేయిస్తే ఎలా ఉంటుందో ఈ సంస్కరణ అలా ఉంది. పాటదారు మారలేదు.

రుసుము రచయిత చెల్లిస్తాడన్న సూత్రం స్థిరపడ్డాక, దాని సహజ సంతానంగా దొంగ పత్రికలు పుట్టుకొచ్చాయి. వ్యాసాన్ని తిరస్కరిస్తే రుసుము పోతుంది గనుక తిరస్కరించకపోవడమే వారి వ్యాపారం. ఈ విషయంలో మన హైదరాబాదుకు అపకీర్తి కూడా దక్కింది. అక్కడి ఒమిక్స్ సంస్థ సరైన పరిశీలన లేకుండా వ్యాసాలు వేసిందనీ, రుసుము సంగతి రచయితలకు ముందు చెప్పకుండా దాచిందనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు చెప్పింది. మన యూజీసీ కూడా తాను ఆమోదించిన జాబితా నుంచి 4,305 పత్రికలను 2018 మేలో తొలగించవలసి వచ్చింది. మూడు రోజుల్లో మీ వ్యాసం వేస్తాం, ఇంత పంపండి అనే ఉత్తరాలు నాకూ వస్తాయి, ఈ వ్యాసం చదివే అధ్యాపకులందరికీ వస్తాయి. ఆ ఉత్తరాలు రాసేవాళ్లను తిట్టడం తేలిక. కాని మార్కుల పట్టిక గిరాకీ సృష్టించింది, రుసుము పద్ధతి సరఫరా మార్గం చూపింది. పెద్ద సంస్థకూ దొంగ పత్రికకూ నాణ్యతలో ఎంతో తేడా ఉంది, దాన్ని నేను కాదనను. రెండింటి ఆదాయసూత్రం మాత్రం ఒకటే.

ఇక మన ప్రభుత్వం ఏం చేసింది? 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లోనూ, కేంద్ర పరిశోధన సంస్థల్లోనూ ఉన్న సుమారు 1 కోటి 80 లక్షల మందికి అందుబాటులోకి వస్తాయని చెప్పింది. ఇది మేలు కాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇంతకుముందు ఈ పత్రికల పేర్లు కూడా తెలియవు. కాని మూడు సంగతులు గమనించాలి. ఒకటి: ఇది కొనుగోలు కాదు, కౌలు. గడువు తీరాక మళ్లీ బేరం, మళ్లీ 30 సంస్థల ముందు నిలబడడం. రెండు: నేను పనిచేస్తున్న కళాశాల ప్రైవేటు యాజమాన్యంలోది, తొలి దశలో మాకు చోటు లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ డిగ్రీ విద్యార్థుల్లో అధిక సంఖ్యాకులు చదివేది ఇటువంటి కళాశాలల్లోనే. బడిపంతులూ, ఉద్యోగం లేని పట్టభద్రుడూ, సొంతంగా పరిశోధన చేసుకొనే రచయితా కూడా తొలి దశలో కనిపించరు. మూడు: ఇతర దేశాలు చందాల నుంచి బయటపడే మార్గాలు వెతుక్కొంటున్న సమయంలో మనం దేశం మొత్తానికి కలిపి చందా కట్టాము.

ఈ గోడలను దూకి వెళ్లినవారూ ఉన్నారు. కజకిస్తాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో "సై-హబ్" స్థాపించి కోట్ల వ్యాసాలు ఉచితంగా అందించింది. అమెరికాలో ఏరన్ స్వార్ట్జ్ అనే యువకుడు భాండాగారం నుంచి పెద్దఎత్తున వ్యాసాలు దింపుకొన్నందుకు 2011లో కేసులో చిక్కుకొని, విచారణ జరగకముందే, 2013 జనవరిలో 26 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకొన్నాడు. మూడు ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో వేసిన దావాలో, 2025 ఆగస్టులో సై-హబ్‌ను మన దేశంలో నిరోధించమని ఆదేశం వచ్చింది. మన విద్యార్థులకు వీరంటే వీరారాధన ఉంది. వారి ధైర్యం గౌరవించదగింది. కాని ఈ మార్గం చదువరిని మాత్రమే విముక్తుణ్ణి చేస్తుంది. మరునాడు రాయబోయే వ్యాసం అదే సంస్థకు, అదే హక్కుల పత్రంతో పోతుంది. ధాన్యపు గాదె కొల్లగొడితే ఆ పూట ఆకలి తీరుతుంది, భూమి చేతికి రాదు.

చేతికి వచ్చే మార్గం ఊహాలోకంలోది కాదు. బ్రెజిల్‌లో 1997లో ప్రారంభమైన "సైయెలో", మెక్సికోలో 2003లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పెట్టిన "రెడాలిక్" ఇందుకు నిదర్శనాలు. అక్కడ పత్రికల్లో అధిక భాగం విశ్వవిద్యాలయాలవీ, విద్వత్సంఘాలవీ. వాటిని నిలబెట్టేది ప్రజాధనం. భాష స్పానిష్, పోర్చుగీసు. తమ భాషలో పరిశోధన రాసుకొని, తమ పత్రికలో వేసుకొని, లోకానికంతకూ తెరిచిపెట్టారు. చదువరి దగ్గరా రచయిత దగ్గరా రుసుము లేని పత్రికలు ప్రపంచంలో 17,000 నుంచి 29,000 దాకా ఉండవచ్చునని 2021 నాటి ఒక అధ్యయనం అంచనా వేసింది. అయితే మొత్తం వ్యాసాల్లో వాటి వంతు నూటికి ఎనిమిది తొమ్మిదే.

ప్రచురణకు ఖర్చు కాదా అని అడిగేవారికి జవాబు చెప్పాలి. అవుతుంది. ప్రతి సరిచూడాలి, పేజీలు కూర్చాలి, కంప్యూటర్ నిల్వలు కాపాడాలి. చిన్న పత్రికల్లో ఈ పనంతా ఒకరిద్దరు జీతం లేకుండా చేస్తుంటారు. వారు అలసిపోయిన రోజు పత్రిక ఆగిపోతుంది. వాణిజ్య సంస్థ చేయించుకొంటే దోపిడీ అన్న ఉచిత శ్రమను మనం చేయించుకొంటే త్యాగమని కీర్తించడం న్యాయం కాదు. పని చేసేవారికి జీతం ఉండాలి. ఆ జీతం ఇవ్వడానికి ప్రజాధనం ఇప్పటికే ఖర్చవుతున్నది గదా! ఏడాదికి సగటున 2,000 కోట్లు కౌలుకు పోతుంటే, అందులో పిసరంత సొంత సేద్యానికి ఎందుకు రాదన్నదే మన ప్రశ్న.

తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవారూ, 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపినవారూ చదువరి సంగతి చూశారు. ఆ రోజుల్లోనే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు గారూ వారి మిత్రులూ విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చరిత్రా శాస్త్రమూ తెలుగులో రాయించి తామే అచ్చువేశారు. చదువుకొనే చోటూ మనదే కావాలి, అచ్చువేసే చోటూ మనదే కావాలన్న రెండు పనులూ ఒకే తరం చేసింది. మనం ఇప్పుడు మొదటి సగానికి డబ్బు కట్టి, రెండో సగం మరిచిపోయాం.

మరిచిపోయినందుకు నష్టం కళ్ల ముందే ఉంది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు స్థాపించిన "భారతి" 1991లో ఆగిపోయింది. దాని పాత సంచికలు ఈనాడు మనం చదవగలుగుతున్నామంటే గ్రంథాలయాలూ, ప్రభుత్వ సంస్థలూ, కొందరు అభిమానులూ పూనుకొని స్కాన్ చేయడం వల్లనే. అదే సమయంలో అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన "ఈమాట" పాతికేళ్లకు పైగా చదువరి దగ్గర చందా లేకుండా నడిచింది. తెలుగులో ఇది సాధ్యమేనని రుజువైంది. ఒక సంస్థాగతమైన అండ లేకుండా ఎన్ని పత్రికలు ఇలా నిలబడగలవన్నది వేరే ప్రశ్న.

కాబట్టి మనం అడగవలసినవి నాలుగు. విశ్వవిద్యాలయాల, సంఘాల పత్రికల పేర్లు ఏ వాణిజ్య సంస్థకూ రాసివ్వరాదు, అవి సంపాదకవర్గం చేతిలోనో సంస్థ చేతిలోనో ఉండాలి. పదోన్నతికి పత్రిక పేరును గాక వ్యాసాన్ని చదివి విలువ కట్టాలి. ఈ మాట 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన అప్పుడే చెప్పింది. ప్రజాధనంతో రాసిన ప్రతి వ్యాసమూ రచయిత సంస్థ భాండాగారంలో అందరికీ అందాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక, జీవసాంకేతిక శాఖలు 2014లోనే తమ సొమ్ముతో జరిగే పరిశోధనకు ఇటువంటి విధానం ప్రకటించాయి. అది సాహిత్య, సామాజిక శాస్త్రాలకూ రావాలి. నాలుగోది, 2027 తరువాత కుదుర్చుకొనే ఏ ఒప్పందంలోనైనా భారతీయ భాషల్లో మన సొంత పత్రికలు నడపడానికి, వాటిలో పనిచేసేవారి జీతాలకు, నిర్ణీతమైన వాటా ఉండాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 37 మంది భాషాశాస్త్రవేత్తలు ఒక్క నెలలో లేచి వెళ్లిపోతే ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రచురణ సంస్థ చేతిలో పేరు తప్ప ఏమీ మిగలలేదు. పేరుకు విలువ తెచ్చింది శ్రమ అని వారు నిరూపించారు. ఆ శ్రమ మనదీ కూడా. 2027 ఆఖరుకు ఎంతో వ్యవధి లేదు. అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ ఈ విషయాన్ని ఇప్పుడే తమ మహాసభల తీర్మానాల్లో చేర్చకపోతే, బేరం మనం లేకుండానే ముగుస్తుంది.